డీజిలు ధరలో లేని పద్దు

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన దిక్కు ఒక మాట ఉన్నది. కాలం కాకపోతే కరీంనగరు, ఆదిలాబాదు మనిషి పట్టే తొవ్వలు ఈ మూడే అని దాని భావం. 2016లో మన రెండు జిల్లాలను విడగొట్టి కొత్త జిల్లాలు గీసినారు గాని తొవ్వలు మాత్రం అవే ఉన్నవి. సభలలో వలస బాధ చెప్పడానికి ఈ మాటను మనం ఎన్నోసార్లు విన్నాం. నాకు అందులో ఇంకొకటి కూడా కనబడుతున్నది. మూడింటిలో రెండు తొవ్వలు ఇంధనం దగ్గరికే పోతున్నవి. బొగ్గుబాయి అంటే సింగరేణి. ఇక సౌదీకి పోయినా, కువైటుకు పోయినా, మస్కటుకు పోయినా మా ఊళ్లో "దుబాయి పోయిండు" అనే అంటరు. అదంతా చమురు పైసల మీద నిలిచిన లోకం. బండి నడిపే, దీపం వెలిగించే సరుకు తీసే చోటికి మన జిల్లాలు తరతరాలుగా మనుషులను పంపుతున్నవి. ఆ సరుకునే మళ్లీ లీటర్ల లెక్కన కొనుక్కుంటున్నవి. మనం కట్టే ధరలో ఆ మనుషుల పద్దు ఎక్కడ ఉన్నది?

పెట్రోలు ధర అనగానే మన మిత్రులకు మోటారు సైకిలు గుర్తుకు వస్తుంది. కాలేజీ క్యాంటీనులో ఆ చర్చ రోజూ ఉండేదే. సేద్యం ఇంట్లో మాట డీజిలు గురించి. మాది ఎస్సారెస్పీ కాలువ కింద వరి. ట్రాక్టరు మాది కాదు, కిరాయికి తెస్తాం. కరిగెట చేసేటప్పుడు కేజీవీల్సు ట్రాక్టరు గంటకు అయిదారు లీటర్లు తాగుతుంది. నాటు మొదలు కోత మిషను దాకా, వడ్లు కొనుగోలు కేంద్రానికి తోలేదాకా అన్నింటికీ డీజిలే. డీజిలు పెరిగిన వారం లోపలే ట్రాక్టరాయన కిరాయి పెంచుతాడు. తగ్గినప్పుడు మాత్రం ఆయనకు చెవులు వినబడవు. ఆయనను నేను తప్పు పట్టను. ఆయనకూ కిస్తులున్నవి, టైర్లున్నవి. పెరుగుదల పైనుంచి కిందికి తొందరగా దిగుతుంది, తగ్గుదల మధ్యలోనే ఎవరి జేబులోనో ఆగిపోతుంది. అందరికంటె పెద్ద జేబు ఎవరిదో చూద్దాం.

మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి దేశాల నుంచి కొంటున్నాం. కనుక బారెలు ధర మన చేతిలో లేదన్నది నిజమే. కాని బారెలు ధర పడిపోయినప్పుడు ఏం జరిగింది? 2014 జూనులో 115 డాలర్ల దాకా పోయిన బారెలు 2016 జనవరి నాటికి 30 డాలర్ల కిందికి దిగింది. అంటే దాదాపు నాలుగో వంతుకు పడింది. 2014 నవంబరు నుంచి 2016 జనవరి లోపల కేంద్ర ప్రభుత్వం ఎక్సైజు సుంకాన్ని తొమ్మిది సార్లు పెంచింది. మొత్తం మీద పెట్రోలు మీద 11 రూపాయల 77 పైసలు, డీజిలు మీద 13 రూపాయల 47 పైసలు. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా చూస్తూ ఊరుకోలేదు. 2015లో అమ్మకపు పన్నును పెట్రోలు మీద 35.2 శాతానికి, డీజిలు మీద 27 శాతానికి పెంచింది. ఈ పన్ను శాతం లెక్కన కనుక మూలధర పెరిగితే పన్ను తానంతట తానే పెరుగుతుంది. జెండాలు వేరైనా ఈ పనిలో ఇద్దరిదీ ఒకే పార్టీ.

పన్నులు లేకుంటే రోడ్లు, బడులు ఎట్లా అని అడిగే మిత్రులున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. 2014కు ముందు డీజిలు మీద ఇచ్చిన సబ్సిడీలో పెద్ద కార్లవాళ్లు కూడా పాలు పంచుకున్నారన్న సంగతి నేనూ ఒప్పుకుంటాను. నా అభ్యంతరం పన్ను ఉండడం మీద కాదు. బారెలు ధర పడిన ఆ రెండేళ్లలో గల్ఫులో ఏం జరిగిందో ఆ పన్ను వసూలు చేసినవాళ్లు ఎందుకు లెక్కలోకి తీసుకోలేదన్నదే నా అడుగు.

మా పెద్దబాపు కొడుకు 2013లో సౌదీకి పోయిండు. లక్షా ఇరవై వేలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి ఏజెంటుకు కట్టిండ్రు. కాగితంలో చమురు కంపెనీ పని అని రాసి ఉన్నది. అక్కడికి పోయినంక తెలిసిందేమంటే, చమురు కంపెనీ పని ఒక కాంట్రాక్టరుది, ఆ కాంట్రాక్టరు కింద ఇంకొకడు, వాని కింద మనుషులను సప్లయి చేసేవాడు మా అన్నకు కఫీలు. చమురు బావి మీద నిలబడి పని చేసే మనవాళ్లు తక్కువే. ఎక్కువ మంది కట్టడాల మీద, ఊడ్చే పనిలో, ఎడారిలో మేకలు ఒంటెలు కాసే పనిలో ఉంటరు. మా అన్న మాత్రం దమ్మాము దిక్కు గ్యాసు ప్లాంట్లలో స్కఫోల్డింగు హెల్పరు. ప్లాంటు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌను రోజులలో పన్నెండు గంటలకు తక్కువ లేకుండా ఇనుప పైపులు ఎక్కించడం, దించడం.

బి.ఎస్సీ. చదివే మనకు అక్కడి ప్రమాదం ఒకటి బాగా తెలిసినదే. కెమిస్ట్రీ లాబులో సాల్టు విశ్లేషణకు కిప్పు ఉపకరణంలో తయారు చేసే హైడ్రోజను సల్ఫైడు గుర్తుందా? కుళ్లిన గుడ్ల వాసన అని ముక్కు మూసుకుంటాం. ఆ వాయువే చమురు, గ్యాసు బావులలో భూమి లోపలి నుంచి వస్తుంది. దాని అణుభారం 34, గాలిది సగటున 29. అందుకని గుంతలలో, ట్యాంకుల అడుగున పేరుకుంటుంది. గాలిలో మిలియనుకు నూరు పాళ్లు దాటితే ముక్కుకు వాసన పట్టే శక్తి పోతుంది. వాసన ఆగిందంటే గాలి బాగుపడిందని తెలియనివాడు అనుకుంటాడు. ఇంకా ఎక్కువైతే ఒకటి రెండు శ్వాసలలో మనిషి పడిపోతాడు. పడినవానిని తీయడానికి మాస్కు లేకుండా దిగినవాడు కూడా అక్కడే పడతాడు. ఈ సంగతి మా అన్నకు చెప్పింది ఇంగ్లీషు, అరబ్బీ బోర్డులట. ఆయన చదివింది తెలుగు మీడియం, తొమ్మిదో తరగతి దాకా.

ఎండ సంగతి వేరే చెప్పాలి. మన రామగుండం ఎండ మనకు కొత్త కాదు. కాని 2016 జులైలో కువైటులోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. మనిషి ఒళ్లు చల్లబడేది చెమట ఆరినప్పుడే. సముద్రం ఒడ్డున గాలిలో తేమ నిండితే చెమట కారుతుంది గాని ఆరదు, లోపలి వేడి లోపలనే ఉంటుంది. నీళ్లు చాలక రోజుల తరబడి పని చేస్తే మూత్రపిండాలు దెబ్బ తింటాయి. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించరాదని నియమం ఉన్నది. మంచి నియమమే. అయితే చమురు, గ్యాసు కంపెనీల పనివారికీ, అత్యవసర మరమ్మతుల వారికీ అది వర్తించదని అందులోనే మినహాయింపు పెట్టినారు. ఎండ నుంచి కాపాడే ఏర్పాట్లు చేస్తే చాలునట.

2015 చివర మా అన్నకు జీతం ఆగింది. బారెలు ధర పడిందని పైవాడు కిందివానికి బిల్లులు ఇవ్వలేదు, కిందివాడు కూలీలకు ఇవ్వలేదు. 2016లో సౌదీలో వేలాది భారతీయ కార్మికులు జీతాలు లేక, తిండి లేక క్యాంపులలో చిక్కుకున్నారు. వారికి భోజనం అందించమని మన విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజు రియాదులోని రాయబార కార్యాలయాన్ని ఆదేశించవలసి వచ్చింది. ఏడు నెలల జీతం వదులుకొని అన్న ఆ సంవత్సరమే ఇంటికి వచ్చిండు. మిత్తి మాత్రం ఆగలేదు. అప్పుడు నేను అయిదో తరగతి. ఆ అప్పులో కొంత తీర్చడానికి పెద్దబాపు ఎకరం అమ్మిండు.

ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూడండి. అదే సంవత్సరం, అదే బారెలు. అక్కడ ధర పడిందని జీతం పోయింది. ఇక్కడ అదే ధర పడిందని సుంకం పెరిగింది. ఒకే ఇంటిని రెండు దిక్కుల నుంచి కొట్టినట్టు కాలేదా?

ఒకసారి జరిగితే కాకతాళీయం అనుకోవచ్చు. 2020 ఏప్రిల్ 20న అమెరికా మార్కెట్టులో బారెలు ఫ్యూచర్సు ధర సున్నాకు దిగువన మైనస్ 37 డాలర్లకు పోయింది. ఆ మార్చిలో డీజిలు మీద 3 రూపాయలు, మేలో ఏకంగా 13 రూపాయలు సుంకం పెరిగింది. సెప్టెంబరులో మన ప్రభుత్వమే ఇంకొక పని చేసింది. గల్ఫుకు పోయే కార్మికులకు ఇంత కంటె తక్కువ ఇవ్వరాదని తాను నిర్ణయించిన కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం తగ్గించింది. లేకుంటే మనవాళ్లకు ఉద్యోగాలు దొరకవని సమర్థించుకున్నది. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడి, గొడవ జరిగినంక 2021 జులైలో ఆ సర్క్యులర్లను వెనక్కు తీసుకున్నది. ఆ అక్టోబరులో మన జిల్లాల బంకులలో డీజిలు నూరు రూపాయలు దాటింది. నవంబరులో, మళ్లీ 2022 మేలో సుంకం కొంత తగ్గించినారు, అది చెప్పకపోతే అన్యాయం. ధర లేచినప్పుడు గల్ఫులో పనులు మొదలై వీసాలు వస్తాయన్నదీ నిజమే. కాని 2022లో బారెలు 120 డాలర్లు దాటినప్పుడు మా ఊరివాళ్లలో ఒక్కని జీతమైనా పెరిగిందని నేను వినలేదు.

ఇక రెండో తొవ్వ, బొగ్గుబాయి. అదేమీ పూలపాన్పు కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూకి 17 మంది కార్మికులు చనిపోయినారు. కాని వాళ్ల పేర్లు మస్టరులో ఉన్నవి. 1952 గనుల చట్టం ఉన్నది, గనుల రక్షణ శాఖ ఉన్నది, విచారణ జరిగింది, యూనియన్లు నిలదీసినవి. 2024లో సింగరేణి తన లాభాలలో 796 కోట్ల రూపాయలు కార్మికులకు పంచింది. సగటున మనిషికి లక్షా 90 వేలు వచ్చింది. అంటే ఇంధనం ధరలో దాన్ని తీసినవాని వాటా ఉండవచ్చునన్న మాట! అది ఎవరూ దయ తలచి ఇచ్చింది కాదు, పోరాడి తెచ్చుకున్నది. అదే ఏడు అదే సింగరేణి కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారిగా ఇచ్చింది తలా 5,000. గని అదే, దుమ్ము అదే. మస్టరులో పేరు ఉన్నవానికీ లేనివానికీ మధ్య తేడా అంత. నా దృష్టిలో గోదావరిఖని కాంట్రాక్టు కార్మికుడు ఇంటి దగ్గరే ఉన్న దుబాయి కూలీ.

2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫులో చనిపోయిన కార్మికుని కుటుంబానికి 5 లక్షలు ఇవ్వడానికి ఉత్తర్వులు తెచ్చింది. ఇది మేలు. కాని పైసలు రావాలంటే ముందు మనిషి చావాలి. జీతం పోయి, మూత్రపిండాలు పోయి బతికి వచ్చినవానికి ఏమున్నది? కేరళ 2008లోనే ప్రవాసుల సంక్షేమానికి చట్టం చేసి పింఛను ఇస్తున్నది. డీజిలు మీద మన రాష్ట్రం తీసుకునే పన్నులో లీటరుకు పది పైసలు ఇట్లాంటి నిధికి కట్టాలని నేను ప్రతిపాదిస్తున్నాను. ఆ పన్ను ఎవరి చెమటలో పుట్టిందో వాళ్లకే పోతుంది కనుక దానికి వేరే కారణం వెతకవలసిన పని లేదు.

మన విద్యార్థి సంఘానికి కూడా ఒక పని ఉన్నది. తీర్మానాలు చాలా చేసినాం. ఈ సెలవులలో ఊరికిద్దరం కూర్చొని పోయేవాళ్ల కాగితాలు చదివి చెబుదాం. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదా లేదా ఈ-మైగ్రేటు సైటులో చూడవచ్చు. ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000, దాని మీద జీఎస్టీ, అంతే. పదో తరగతి పాసు కానివారికి 275 రూపాయలకు రెండేళ్ల బీమా తప్పనిసరి, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తుంది. మా ఊళ్లో అడిగితే ఈ మూడూ తెలిసిన ఇల్లు ఒక్కటీ లేదు.

అన్న మళ్లీ పోవడానికి తయారైండు. ఈసారి ఒప్పందం నా చేతికి ఇచ్చి "చదువు తమ్మీ" అన్నడు. జీతం రియాళ్లలో రాసి ఉన్నది, పని గంటలు రాసి ఉన్నవి, ఓవర్‌టైం దగ్గర గడి ఖాళీగా ఉన్నది. అది నింపేదాకా సంతకం పెట్టొద్దన్న. ఏజెంటుకు ఫోను చేస్తే "అందరూ అట్లనే పోతున్నరు, మీ ఒక్కనికే వచ్చిందా?" అని అడిగిండు. కాగితం ఇంకా మా ఇంట్లోనే ఉన్నది.