ఓడించింది సెన్సారు కాదు, మన వైరింగే!



రోబో పోటీకి వెళ్లి ఓడి వచ్చిన మన హాస్టలు పిల్లల నోట తరచూ వినే మాట ఇది: "ప్రోగ్రాం బాగానే ఉందన్నా, సెన్సార్లే మోసం చేశాయి." ఒకప్పుడు నేనూ అలా అన్నవాణ్ణే. గదిలో నల్లగీత వెంట చక్కగా నడిచిన మా బండి పోటీలో మొదటి మలుపులోనే దారి తప్పింది. తర్వాత మల్టీమీటరు పెట్టి చూస్తే తప్పు మాదేనని తేలింది.

మోటార్లకూ, సెన్సార్లకూ ఒకే బ్యాటరీ లైను కలిపేశాం. మలుపు దగ్గర మోటారు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగేసరికి వోల్టేజి పడిపోయింది. ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీల వెలుగు తగ్గింది. తెల్లనేల కూడా సెన్సారుకు నల్లగానే తోచింది.

అందుకే నా అనుభవం చెబుతున్నాను. సెన్సార్లకు 7805 రెగ్యులేటరుతో విడిగా 5 వోల్టులు ఇవ్వండి. దానికి కనీసం 7 వోల్టులు అందాలి; 6 వోల్టుల బ్యాటరీ చాలదు. ఒక్కో ఎల్‌ఈడీకి 220 ఓముల రెసిస్టరు పెడితే సుమారు 17 మిల్లీ ఆంపియర్లు పారుతాయి. 8 ఎల్‌ఈడీలంటే దాదాపు 140. అంత కరెంటు మైక్రోకంట్రోలరు పిన్ను ఇవ్వలేదు. సప్లైలు వేరైనా గ్రౌండు మాత్రం అన్నిటికీ ఒక్కటే కావాలి. మోటారు రెండు కొసల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు అతికించండి. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కంటికి కనబడదు గానీ, చాలా సెల్‌ఫోన్ కెమెరాల్లో కనిపిస్తుంది.

"ముందు మార్కులు తెచ్చుకోండి, ఈ బొమ్మలెందుకు?" అనే పెద్దలున్నారు. వారి బాధ నాకు తెలుసు. కానీ ఓం సూత్రం పరీక్షలో తప్పు లేకుండా రాసిన మేమే, దాన్ని మా బండికి వాడలేకపోయాం. మరి అది చదువు లోపం కాదా? రెడీమేడ్ బోర్డులు కొనే జట్లతో మనం డబ్బులో పోటీపడలేం. ఓపికగా కొలవడంలో మాత్రం ఎవరికీ తీసిపోము. అయితే కొలవడానికి చేతిలో మీటరుండాలి కదా!

పూర్వ విద్యార్థులకు నా మనవి ఒక్కటే. వార్షికోత్సవాలకు శాలువాలు, దండలు ఇక చాలు. ఆ డబ్బుతో మన హాస్టలుకు ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్ కొందాం. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయకుండా పిల్లల చేతికిద్దాం. మొదటి మీటరు నేనే తెస్తాను.