గేటు బయటి కార్మికుడు

వరంగల్లులో 1934లో నెలకొన్న ఆజంజాహి మిల్లులో బట్ట నేసినవారూ, కొత్తవాడ ఇండ్లలో జంపఖానాలు నేసినవారూ చేసినది నేతపనే. కాని చట్టం వారిని ఒక్కటిగా చూడలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తు ఉన్నచోట పదిమంది, లేనిచోట ఇరవైమంది పనిచేస్తేనే వర్తించేది. దానివలన మిల్లు కార్మికునికి వారానికి 48 గంటల పరిమితి, అదనపు పనికి రెట్టింపు వేతనం దక్కాయి. ఇంటి మగ్గంపై కూర్చున్నవానికి గంటల లెక్క లేదు. నేసిన జంపఖానాల లెక్కే కూలి. కండెలు చుట్టే ఇల్లాలి శ్రమకు ఆ లెక్క కూడా లేదు. చేనేతకు సంక్షేమ పథకాలు లేకపోలేదు గాని, పథకం హక్కుకు సాటి రాదు.

ఇంటిపని చట్టానికి అందదనడం సరికాదు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీని సైతం కార్మికురాలిగా గుర్తించింది. అమలులో లోపాలెన్ని ఉన్నా, ఆమె పేరు చట్టంలోకి ఎక్కింది. బీడీ ఆకుకు సాధ్యమైనది నూలుపోగుకు ఎందుకు సాధ్యం కాకూడదు?

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతను ప్రస్తావించాయి. అది మెచ్చదగినదే. అయితే ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన సంఖ్యను అవే 20కి, విద్యుత్తు లేనిచోట 40కి పెంచాయి. మిల్లు మూతపడిన ఊరిలో పదిహేనుమందితో, విద్యుత్తుతో నడిచే చిన్న షెడ్డు ఇప్పుడు ఫ్యాక్టరీ కాదు.