చీటీ మీద తెలుగు ఎందుకు రాలేదు?

కోనసీమలో ఓ రైస్ మిల్లు. కాటా దగ్గర కంప్యూటర్‌లో సి భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్ ధాన్యం తూకం, తేమ శాతం లెక్కగట్టి చీటీ ఇస్తుంది. కొనుగోలు నిబంధన ప్రకారం తేమ 17 శాతం దాటకూడదు. దాటితే చీటీ మీద హెచ్చరిక పడుతుంది, ఇంగ్లీషులో. "ఏటి బాబూ ఇందులో రాసింది?" అని రైతు అడిగితే గుమాస్తా చెప్పిందే వేదం. తరుగు ఎంత తీస్తారన్నది ఆ ఒక్క ముక్క మీదే ఉంటుంది మరి! అది తెలుగులో రావాలని మిల్లాయనే పట్టుబట్టాడు. మెచ్చుకోవాల్సిందే.

అనువాదం చేయించారు, ఫైలు పెట్టారు. చీటీ మాత్రం మళ్లీ ఇంగ్లీషే. ఎర్రర్ లేదు, గొడవ లేదు.

లైనక్స్‌లో ఈ పని చేసేది గెట్‌టెక్స్ట్. మన అనువాదాలు పీవో అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి. వాటిని ఎంవో ఫైలుగా మారిస్తేనే ప్రోగ్రామ్ చదవగలదు. ప్రోగ్రామ్ ముందుగా సెట్‌లొకేల్‌ని పిలిచి వాడేవాళ్ల భాష ఏదో తెలుసుకోవాలి. ఆ తర్వాత బైండ్‌టెక్స్ట్‌డొమైన్‌తో ఫోల్డర్, టెక్స్ట్‌డొమైన్‌తో ఫైలు పేరు చెప్పాలి. ఇందులో ఏ మెట్టు జారినా గెట్‌టెక్స్ట్ నోరెత్తదు, అసలు ఇంగ్లీషు వాక్యాన్నే తిరిగిచ్చేస్తుంది. వాడేవాళ్లకి అది మేలే, ప్రోగ్రామ్ ఆగిపోదు కదా. తప్పు వెతికేవాడికే చుక్కలు కనిపిస్తాయి. అందుకే సెట్‌లొకేల్ ఏం తిరిగిచ్చిందో చూడమంటాను. సిస్టమ్‌లో తెలుగు లొకేల్ లేకపోతే అది నల్ ఇస్తుంది. చాలామంది ఆ వైపు చూడనే చూడరు.

ఇక్కడ లొకేల్ ఉంది. చేత్తో నడిపితే తెలుగు వస్తోంది కూడా. పొద్దున్నే కంప్యూటర్ ఆన్ కాగానే దానంతట అది మొదలైతేనే ఇంగ్లీషు! గుమాస్తా లాగిన్‌లో పెట్టుకున్న భాష సెట్టింగ్, బూట్‌లో మొదలయ్యే సర్వీసుకి అందదు. సర్వీస్ ఫైల్లో లాంగ్ విలువ తెలుగని ఒక్క లైను రాస్తే సరిపోయింది.

ఇంకో వాక్యం మాత్రం మొండికేసింది. దాని ఇంగ్లీషు మూలంలో ఎవరో ఓ కామా మార్చారు. కొత్త మూలంతో కలిపినప్పుడు ఆ అనువాదానికి 'ఫజ్జీ' అని గుర్తు పడింది. ఫజ్జీ గుర్తున్నవి ఎంవోలోకి ఎక్కవు. సరిచూసి గుర్తు తీసేస్తే వచ్చేసింది.

అసలు తలనొప్పి ఊళ్ల పేర్లతో. 'ఫలానా ఊరికి లోడు పంపాం' అనే వాక్యంలో ఊరి పేరు దగ్గర ఖాళీ వదిలి, పక్కన 'కు' అని పెట్టారు అనువాదకులు. ఏలూరుకు, పాలకొల్లుకు బాగానే ఉంది. రాజమండ్రి వస్తే 'రాజమండ్రికు'! నరసాపురం వస్తే 'నరసాపురంకు'! మనం రాజమండ్రికి అంటాం, నరసాపురానికి అంటాం. గెట్‌టెక్స్ట్‌కి ఏకవచనం, బహువచనం తెలుసు గానీ విభక్తులు తెలియవు. ఊరూరికీ ఓ రూపం రాసి పెట్టొచ్చు, కానీ కొత్త ఊరు చేరిన రోజున మళ్లీ మొదటికే వస్తుంది. అందుకని వాక్యాన్నే విరగ్గొట్టాం. ఇప్పుడు చీటీ మీద 'లోడు వెళ్లే ఊరు: నరసాపురం' అని పడుతోంది. కాస్త రైలు బోర్డులా ఉందన్నాడు గుమాస్తా. ఉంటే ఉండనీ.