బీరువాలోంచి బయటికొచ్చిన స్వరాలు

పల్లవి ఉండదు. చరణాలూ ఉండవు. ఒక స్వరం మొదలై, నెమ్మదిగా సాగి, ఎక్కడో కరిగిపోతుంది. ‘ఇదేం సంగీతం?’ అని ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే తప్పేం లేదు. దీన్ని యాంబియెంట్ అంటారు. అగరొత్తి వాసనలా గదిలో ఉండీ లేనట్టుండే సంగీతమన్నమాట. 1978లో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ అనే ఆల్బమ్‌తో బ్రిటన్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో ఆ పేరును స్థిరపరిచాడు. అంతకంటే ముందే మన దేశంలోనూ కొందరు యంత్రాలతో కొత్త ధ్వనులు పుట్టించారు. చిత్రమేమిటంటే, ఆ సంగతి బయటి లోకానికి తెలియడానికి యాభై ఏళ్లు పట్టింది!

అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో ఒక మూగ్ సింథసైజర్ పెట్టారు. పేరు మూగే కానీ యంత్రం మాత్రం మహా వాగుడుకాయ. తీగలు గుచ్చి, మీటలు తిప్పితే రకరకాల శబ్దాలు చేస్తుంది. దాన్ని అమర్చడానికి అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడు స్వయంగా వచ్చాడు. అక్కడ పనిచేసినవారిలో గీతా సారాభాయ్ ఒకరు. 1946లో న్యూయార్క్‌లో జాన్ కేజ్ అంతటివాడికి భారతీయ సంగీతం చెప్పి, బదులుగా పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారావిడ. ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా... ఒక్కొక్కరూ తమకు తోచినట్టు ఆ యంత్రాన్ని పలికించి టేపుల మీదికి ఎక్కించారు. 1972 తర్వాత అంతా సద్దుమణిగింది. టేపులు అక్కడే ఉండిపోయాయి. పూత రాలితే అందులోని సంగీతం అక్కడితో సరి. అదృష్టం బాగుండి పాల్ పర్గాస్ అనే బ్రిటన్ కళాకారుడి కంటపడ్డాయి. 2023లో ‘ది ఎన్.ఐ.డి. టేప్స్’ పేరిట ఆల్బమ్‌గా వచ్చాయి.

అన్నీ కమ్మగా ఉంటాయనుకోవద్దు. కొన్ని వింటుంటే పాత రేడియోలో స్టేషన్ కోసం ముల్లు తిప్పుతున్నట్టే ఉంటుంది. జోషిపురా చేసిన ‘స్పేస్ లైనర్ 2001’ మాత్రం తప్పక వినాల్సిందే. అప్పటికి 2001 అంటే ఎక్కడో దూరాన ఉన్న భవిష్యత్తు మరి! ఆ రోజుల్లోనే ఇవి మన ఇళ్లకు చేరి ఉంటే, వాటిని విన్న పిల్లల్లో ఎందరు అటువైపు అడుగేసేవారో.

చరణ్‌జీత్ సింగ్‌ది మరో కథ. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే ఈయన, 1982లో మూడు రోలాండ్ యంత్రాలు ముందేసుకుని ‘టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ రికార్డు చేశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఐదేళ్ల తర్వాత అమెరికాలోని షికాగోలో ‘యాసిడ్ హౌస్’ అనే నాట్య సంగీతం పుట్టింది. 2010లో సింగ్ రికార్డు మళ్లీ విడుదలైనప్పుడు విన్నవాళ్లు నోరెళ్లబెట్టారు. రెండూ అచ్చంగా అలాగే ఉన్నాయి! సింగ్ 2015లో కన్నుమూశాడు. మలివయసులోనైనా ఆ చప్పట్లు విన్నాడు. ఇందులోని భూపాలి మన మోహన, యమన్ మన కల్యాణి, మాల్కౌంస్ మన హిందోళం. సంగీతం నేర్చుకునే పిల్లలుంటే పేరు చెప్పకుండా వినిపించి, రాగం పోల్చమనండి.

జపాన్‌కు చెందిన హిరోషి యోషిమురాకు ఆ భాగ్యం దక్కలేదు. 1982 నాటి ఆయన ‘మ్యూజిక్ ఫర్ నైన్ పోస్ట్ కార్డ్స్’ 2017లో మళ్లీ వచ్చి ప్రపంచమంతా అభిమానుల్ని సంపాదించింది. ఆయనేమో 2003లోనే వెళ్లిపోయాడు. కీబోర్డు మీద నాలుగు స్వరాలు, మధ్యలో బోలెడంత నిశ్శబ్దం. వర్షం పడుతున్న మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని వింటే ఇంకేమీ అక్కర్లేదు.

కొత్తవాళ్లలో అరుషి జైన్‌ని వినండి. హిందుస్థానీ రాగాల్ని మాడ్యులర్ సింథసైజర్ మీద పరుస్తుంది, అక్కడక్కడా గొంతు కలుపుతుంది. 2024లో వచ్చిన ‘డిలైట్’ మొత్తం బాగేశ్రీ మీదే నడుస్తుంది. పాత తెలుగు సినిమా పాటలు విన్నవారికి బాగేశ్రీ కొత్తేం కాదు. 2021 నాటి ‘అండర్ ది లైలాక్ స్కై’ని మాత్రం సూర్యాస్తమయ వేళ కోసమే చేసింది. మొదట అదే పెట్టుకోండి, దీపాలు పెట్టే వేళకు, టీవీ కట్టేసి, చిన్న సౌండుతో. తర్వాత యోషిమురా, ఆపైన సింగ్. అహ్మదాబాద్ టేపుల్ని చివరికి ఉంచుకోండి. అప్పటికి చెవి అలవాటుపడుతుంది.