కపితూ మాట ఎవరు విన్నారు?

భార్యని అనుమానించే భర్త అనగానే అందరికీ ఒథెల్లో గుర్తొస్తాడు. ఒక్క చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఇయాగో అతని కాపురం కూల్చేస్తాడు. ఎంత విషాదమైనా, అందులో మనకి ఒక సౌకర్యం ఉంది. డెస్డిమోనా ఏ తప్పూ చేయలేదని మనకి ముందే తెలుసు. విలన్ ఎవరో కూడా తెలుసు.

ఆ సౌకర్యం తీసేస్తే? బ్రెజిల్ రచయిత మషాదో ద అసిస్ 1899లో అదే చేశాడు. నవల పేరు 'దోం కాస్‌ముర్రో'. ఇందులో చెవి కొరికే ఇయాగో ఎవడూ లేడు. కథ చెప్పే భర్తే ఆ పని కూడా చూసుకుంటాడు. అతని పేరు బెంతో సాంతియాగో. ఆ పేరు చివర ఎవరున్నారో చూశారుగా!

రియో డి జనీరోలో బెంతో, కపితూ పక్కపక్క ఇళ్ల పిల్లలు. అమ్మ మొక్కు వల్ల బెంతో సెమినరీలో చేరతాడు. అక్కడ ఎస్కోబార్ స్నేహితుడవుతాడు. చివరికి ఆ చదువు వదిలేసి, లాయరై, కపితూనే పెళ్లి చేసుకుంటాడు. కొడుకు పుడితే ఎస్కోబార్ పేరే పెట్టుకుంటారు, ఎజెకియెల్ అని.

ఒకరోజు ఎస్కోబార్ సముద్రంలో ఈతకెళ్లి మునిగిపోతాడు. శవం వైపు కపితూ కాసేపు అలా చూస్తుంది. నాలుగు కన్నీటి చుక్కలు. అంతే, బెంతో బుర్రలో పురుగు దూరింది. ఇక కొడుకు ముఖంలో రోజురోజుకీ స్నేహితుడే కనిపిస్తాడు. అప్పుడెప్పుడో థియేటర్ నుంచి తొందరగా వస్తే ఇంటి దగ్గర ఎస్కోబార్ ఎదురవడం కూడా సాక్ష్యమైపోతుంది. అనుమానం పెనుభూతం అని మనవాళ్లు ఊరికే అన్నారా?

ఆ స్థితిలోనే అతను 'ఒథెల్లో' నాటకం చూస్తాడు. ఎవరైనా ఏం నేర్చుకుంటారు? తొందరపడకూడదని. ఇతను మాత్రం, అమాయకురాలికే అంత శిక్షయితే నా భార్యకి ఇంకెంత పడాలి అని లెక్కేస్తాడు. మర్నాడు విషం కలిపిన కాఫీ పసివాడి నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోతాడు.

మా ఉద్యోగంలో రెండు సిస్టమ్‌ల మధ్య గొడవొస్తే రెండింటి లాగ్‌లూ తీస్తాం. ఈ నవలలో మన దగ్గర ఉన్నది ఒకే లాగ్, అదీ భర్త రాసింది. అయినా దాదాపు 60 ఏళ్లు చాలామంది పాఠకులు కపితూ తప్పు చేసిందనే నమ్మారు. 1960లో హెలెన్ కాల్డ్‌వెల్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక పుస్తకం రాసి, ఆమె నిర్దోషి అని వాదించింది.

ఆ కళ్లతో మళ్లీ చదివితే బెంతో నోరుజారిన చోట్లు దొరుకుతాయి. కపితూ స్నేహితురాలి తండ్రి, చనిపోయిన తన భార్య చిత్రపటం అచ్చం కపితూలాగే ఉంటుందని ఎప్పుడో చూపించాడు. వాళ్లకి ఏ చుట్టరికమూ లేదు. అంటే ఏ సంబంధం లేకుండా కూడా పోలికలొస్తాయి. ఇంకో సంగతి. ఎస్కోబార్ చనిపోయే ముందు రాత్రి, అతని భార్య చెయ్యి కాస్త ఎక్కువసేపు పట్టుకుని కరిగిపోయింది బెంతోనే! దొంగ ఎవరో, కేకలేసేది ఎవరో.

కపితూ నిజంగా మోసం చేసిందా? నవల తేల్చదు. బ్రెజిల్‌లో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. నాకు మాత్రం ఇంకో చోట గుచ్చుకుంది. మనసులో ఏముందో మొత్తం చెప్పమని కపితూ అతన్ని అడుగుతుంది. అప్పటికే తీర్పు రాసేసుకున్నాడు. ఇక వినేదేముంది? తల్లీకొడుకుల్ని స్విట్జర్లాండ్‌లో వదిలేస్తాడు. ఆమె అక్కడే పోతుంది. తర్వాత కొడుకూ పోతాడు. ఆ కబురు వచ్చాక కూడా బాగా భోంచేసి నాటకానికి వెళ్లానని తనే చెప్పుకుంటాడు.

ఇప్పుడు చేతిరుమాళ్ల బదులు లాస్ట్ సీన్‌లు, బ్లూ టిక్‌లు, డిలీట్ చేసిన మెసేజ్‌లు ఉన్నాయి. వెతికేవాడికి ఫోన్ నిండా సాక్ష్యాలే. అర్ధరాత్రి అవతలివాళ్ల ఫోన్ అందుకునే ముందు ఒక్కటి చూసుకుంటే చాలు: మనం అడగడానికి వెళ్తున్నామా, రాసేసిన తీర్పుకి సంతకం కోసం వెళ్తున్నామా?