మా నాయిన నలభై ఏడేళ్లకే రిటైరయ్యాడు



పోయిన వారం డిగ్రీ సెకండియర్ క్లాసులో ఒక తమ్ముడు లేచి అడిగాడు. "మేడం, నలభై ఐదేళ్లకే రిటైర్ కావాలంటే చేతిల ఎంత ఉండాలె?" రాత్రి పాశమైలారంలో షిఫ్టు చేసి, పొద్దున కాలేజీకొచ్చే పిల్లవాడు. ఫోన్లో ఏదో రీల్ చూశాడట. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో నలభై ఏడేళ్లకే రిటైరైన మనిషి ఉన్నాడు. మా నాయిన.

ముందు ఆ రీల్ లెక్క చూద్దాం. ఏడాది ఖర్చుకు ఇరవై ఐదు రెట్లు కూడబెట్టు, మదుపు చెయ్యి, అందులోంచి ఏటా నాలుగు శాతం తీసుకుని బతుకు. 1990లలో అమెరికా మార్కెట్ల మీద కట్టిన సూత్రం ఇది. నెలకు 25,000 ఖర్చయ్యే ఇంటికి 75 లక్షలు కావాలి. ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కితే అరగంటలో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. అక్కడి అద్దాల మేడల్లో ఈ లెక్క నిజంగానే వేసుకునేవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ సూత్రంలో పైకి చెప్పని షరతులు రెండున్నాయి. నీ జీతం నీ ఒక్కదానిదే అయి ఉండాలి. కూడబెట్టేదాకా నీ ఒళ్లు, నీ ఉద్యోగం నిలబడాలి.

ఇప్పుడు మా నాయిన లెక్క చెప్తాను.

1998లో, ఇరవై ఐదేళ్ల వయసులో, పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేరాడు. గేటు ఒకటే, మిషన్ ఒకటే, కాంట్రాక్టర్లు మాత్రం నలుగురు మారారు. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు. పాతది బదిలీ చేసుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. "తీస్కో, ఫారం నింపిస్త" అన్నవాళ్లే అందరూ. 2003లో తీసిన పైసలతో ఇంటికి స్లాబు పడ్డది. 2009లో తీసినవాటితో మా చిన్నత్త పెళ్లయింది. 2016లో తీసినవి నా చదువుకు పోయాయి. నా పేరు ముందున్న డాక్టర్ అనే మాటలో ఆ పైసలున్నాయి.

2020 లాక్‌డౌన్ తర్వాత గేటు దగ్గరే ఆపి, "రేపటి సంది రాకు" అన్నారు. దండ లేదు, శాలువా లేదు, గ్రాట్యుటీ లేదు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ ఇవ్వాలని 1972 నుంచీ చట్టముందని నాయినకు నేను చెప్పిందాకా తెలియదు.

ఇరవై రెండేళ్ల పని. ఐదు, ఆరు, ఏడు, నాలుగు. పీఎఫ్ పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసుండాలి. పైసలు తీసుకున్నప్పుడల్లా అప్పటిదాకా చేసిన సర్వీసు కూడా తుడిచిపెట్టుకుపోయింది. ఏ ముక్కా పది దాటలేదు. మొత్తం కలిసి ఉంటే? పీఎఫ్ లెక్కలో ఆయన ఆఖరి జీతం 10,500. ఇరవై రెండేళ్ల సర్వీసు లెక్కన నెలనెలా పెన్షన్. యాభై ఎనిమిది నిండాక బతికున్నంత కాలం వచ్చేది. ఇప్పుడు సున్నా. ఆసరా పెన్షన్‌కు యాభై ఏడు నిండాలి. నాయినకు యాభై మూడు. అందుకే ఒక అపార్ట్‌మెంటుకు రాత్రిపూట కాపలా ఉంటున్నాడు. మన దగ్గర ముందస్తు రిటైర్మెంట్ అంటే ఇదే. పని మానడం కాదు, ఇంకా తక్కువ కూలికి ఇంకో పని వెతుక్కోవడం.

మరి ఇన్నాళ్లూ మనోళ్ల పెన్షన్ ఏది? చదివించిన కొడుకు, చదివించిన బిడ్డ. అసైన్డ్ భూమి ఉన్నా అమ్ముకునే హక్కు లేదు, తాత ఇచ్చిన ఇల్లు లేదు. ఉన్న ఆస్తల్లా మొదటిసారి జీతం తెచ్చే పిల్ల. నా తోటి లెక్చరర్ జీతం ఆమె ఇంటికి పోతుంది. నా జీతం మూడిళ్లకు పోతుంది. పోనీ సర్కారు కొలువు కొట్టినా, 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు, సీపీఎస్సే. మా ఇళ్లలో తొలి తరం కొలువుల గడప తొక్కేసరికి ఆ తలుపు మూసుకుంది.

ఈ ఏడు నేను కాలేజీ మారాను. నా పీఎఫ్ తీసి నాయిన చేతిలో పెట్టి, కాపలా పని మాన్పిద్దామనుకున్నాను. ఫారం కూడా తెరిచాను. అప్పుడు ఆ అంకెలు గుర్తొచ్చాయి. ఐదు, ఆరు, ఏడు, నాలుగు. తీస్తే నేనూ ఒక ముక్క అవుతాను, ఇరవై ఏళ్ల తర్వాత నా బిడ్డ నా పెన్షన్ అవుతుంది. తీయలేదు. నెలనెలా జీతంలోంచి ఐదు వేలిస్తా, రాత్రి డ్యూటీ మానుకోమన్నాను. "నీ పైసల మీద పడి తినుడు నాతోని కాదు బిడ్డా" అన్నాడు. ఇంకా పోతూనే ఉన్నాడు. నేను చేసింది స్వార్థమా అని ప్రతి రాత్రీ ఆయన టార్చిలైటు తీసుకుని బయల్దేరేటప్పుడు అనిపిస్తుంది. కాదనే నా వాదన.

అందుకే ఆ తమ్ముడికీ, మీకూ చెప్తున్నా. యూఏఎన్ ఒక్కటే ఉంచుకోండి. కంపెనీ మారితే పైసలు తీయకండి, బదిలీ చేయించుకోండి. పని మానేసి పీఎఫ్ తీయక తప్పకపోతే, పెన్షన్ భాగానికి మాత్రం స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోండి, సర్వీసు బతుకుతుంది. నామినీ పేరు ఈ రోజే ఎక్కించండి. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా ఇంటివాళ్లకు పెన్షనుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఫార్మా ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా పోయారు. రిటైర్మెంట్ దాకా బతకడమే ఇక్కడ గ్యారంటీ లేదు.

అయితే జాగ్రత్తలతోనే అయిపోదు. నాయినకు ఆ పెన్షన్ వచ్చినా దాంతో ఇల్లు గడవదు. ఈ పీఎఫ్ పెన్షన్ కనీస మొత్తం 2014 నుంచి 1,000 రూపాయల దగ్గరే ఉంది. నెలకు వెయ్యి! దీని మీద మన సంఘాలు ఎన్ని ధర్నాలు చేశాయి? స్కాలర్‌షిప్ కోసం రోడ్డెక్కే మనం, ఆ స్కాలర్‌షిప్ చాలనప్పుడు పీఎఫ్ తీసిచ్చిన అమ్మానాన్నల కోసం ఎందుకు ఎక్కం?

బాబాసాహెబ్ కార్మిక సభ్యుడిగా ఉండగా 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, వారానికి పనిని 54 గంటల నుంచి 48కి కుదించారు. కూలి మనిషి రోజుకు ఒక హద్దు గీశారు. జీవితానికి గీయాల్సిన హద్దు మిగిలే ఉంది. ఇక చాలు అని కూర్చునే హక్కు, కూర్చున్నాక ఎవరి ముందూ చెయ్యి చాచకుండా తినే హక్కు మనోళ్లకూ కావాలి.

తమ్ముడూ, "ఎంత ఉండాలె" అన్నావు కదా. ఇంటికెళ్లి ముందు మీ నాయిన పీఎఫ్ పాస్‌బుక్ చూడు. సర్వీసు ఎన్ని ముక్కలైందో లెక్కపెట్టి రా. వచ్చే వారం క్లాసులో అక్కడి నుంచే మొదలుపెడదాం.

జై భీమ్.