సంతకానికి ఆరేళ్ళు, ఓడకి నాలుగేళ్ళు

మేముండేది కందుకూరు. కోస్తాలో ఉన్న కందుకూరు కాదండీ, శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ దాటాక వచ్చేది. నెత్తి మీద నుంచి శంషాబాద్ లో దిగే విమానాలు, కింద ప్లాట్ల బోర్డులు. సముద్రానికీ మాకూ సంబంధమే లేదు. అలాంటి చోట ఓడల గురించి గొడవ ఎందుకొచ్చిందంటారా? మా కారు పూలింగ్ వల్ల.

నలుగురం కలిసి రింగు రోడ్డెక్కి ఆఫీసుకెళ్తాం. మొన్నొక రోజు పేపర్లో వైజాగ్ షిప్‌యార్డ్ కడుతున్న నౌకాదళం ఓడల గురించి ఏదో చదివి, మాలో ఒకాయన మొదలెట్టాడు. "అన్నా, గవర్నమెంటోళ్ళు ఓడలు కట్టుడేందన్నా? ఇగో ఈ ఎయిర్‌పోర్ట్ చూడు. ప్రైవేటోడు మూడేళ్ళల్ల లేపిండు. ఆ షిప్‌యార్డ్ ని అమ్మేస్తే పీడా పోతది." మిగిలిన ఇద్దరూ తల ఊపారు. నేను ఊపలేదు. దిగేవరకూ వాదించినా నా మాట పూర్తవలేదు, ఆ మిగిలింది ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆయన మాటలో నిజం ఎంతో చెప్పుకుందాం. మన వైజాగ్ హిందుస్తాన్ షిప్‌యార్డ్ చరిత్రలో సింధుకీర్తి అనే పెద్ద మచ్చ ఉంది. ఆ జలాంతర్గామి 2006లో రిపేరుకొచ్చింది. మూడేళ్ళ పని అన్నారు. బయటికెళ్ళింది 2015లో. దాన్ని కొత్తగా కట్టడానికి కూడా అన్నేళ్ళు పట్టలేదు! అది రిపేరుకొచ్చినప్పుడు శంషాబాద్ లో పునాదులు తవ్వుతున్నారు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ మొదలైంది, తర్వాత ఏడేళ్ళకి గానీ సింధుకీర్తి సముద్రం మొహం చూడలేదు. దీన్ని నేను వెనకేసుకురాను. అంత పెద్ద రష్యన్ జలాంతర్గామిని విప్పిన అనుభవం లేకుండా ఒప్పుకోవడం యార్డ్ తప్పు, అనుభవం లేదని తెలిసీ అప్పగించడం ఇచ్చినవాళ్ళ తప్పు.

ఇప్పుడు ఎయిర్‌పోర్ట్ సంగతి. మూడేళ్ళలో కట్టారనేది నిజమే, 2005 మార్చిలో శంకుస్థాపన, 2008 మార్చిలో ప్రారంభం. కానీ బేగంపేట బదులు ఇంకోటి కావాలని ఆలోచన మొదలైంది 1997లో. రాష్ట్రానికీ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకీ ఒప్పందం 2000లో, కన్సెషన్ ఒప్పందం 2004 డిసెంబర్లో. అంటే కాగితానికి ఏడేళ్ళు, కాంక్రీటుకి మూడేళ్ళు. కాకపోతే అక్కడ మనం కాంక్రీటు దగ్గర్నుంచే గడియారం మొదలెట్టాం. షిప్‌యార్డ్ దగ్గరకొచ్చేసరికి కాగితం టైము కూడా కట్టేవాడి ఖాతాలోనే రాస్తున్నాం. ఇదేం లెక్క?

అసలు ఈ ఓడలేంటో తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. ఫ్లీట్ సపోర్ట్ షిప్ అంటే పెట్రోలు ట్యాంకరూ, కిరాణా కొట్టూ, మందుగుండు గోడౌనూ కలిపి సముద్రం మీద తేలుతుందనుకోండి. యుద్ధనౌక నడిసంద్రంలో ఉండగానే పక్కన సమాంతరంగా నడుస్తూ గొట్టాలేసి నూనె ఎక్కిస్తుంది. రెండింటి మధ్య దూరం కొన్ని పదుల మీటర్లే. ఇది లేకపోతే ఎంత గొప్ప యుద్ధనౌకైనా నూనె కోసం రేవుకి రావాల్సిందే. మన రెండు తీరాలకీ కలిపి ఇలాంటివి నాలుగే. జ్యోతి 1996లో రష్యాలో కట్టింది. దీపక్, శక్తి ఇటలీలో ఫిన్‌కాంటియేరి వాళ్ళు కట్టారు. మన దేశంలో కట్టింది ఒక్కటే, ఆదిత్య. కలకత్తా గార్డెన్ రీచ్ లో కట్టారు, 1987లో ఆర్డరు, 2000లో నౌకాదళంలోకి. పదమూడేళ్ళు!

దీపక్ కి 2008లో ఒప్పందం, 2011 జనవరిలో మన దగ్గరికొచ్చింది. "చూశావా, ఇటలీవాడు!" అంటారు. కానీ ఆదిత్య తర్వాత మనం ఏం చేశామో ఎవరూ అడగరు. కిందా మీదా పడి పదమూడేళ్ళలో ఒకటి కట్టడం నేర్చుకున్నాం కదా, రెండోది ఆరేళ్ళలో అయ్యేదేమో, మూడోది నాలుగేళ్ళలో. ఆ రెండోది ఇవ్వలేదు, ఇటలీకి ఇచ్చాం. ఆదిత్య మీద పనిచేసిన వెల్డర్లు, పైపు ఫిట్టర్లు, డిజైనర్లు రిటైరైపోయారు. ఇరవై మూడేళ్ళ తర్వాత మళ్ళీ మొదటి నుంచి.

మన భాషలో చెప్తా. ఒక టీముని ఏళ్ళ తరబడి బెంచి మీద కూర్చోబెట్టి, కొత్తవాళ్ళని తీసుకోకుండా, ఉన్నట్టుండి ఎప్పుడూ చెయ్యనంత పెద్ద ప్రాజెక్టు నెత్తిన పెడితే ఏమవుతుంది? 2010లో ఈ యార్డ్ ని షిప్పింగ్ శాఖ నుంచి రక్షణ శాఖకి మార్చారు, ఇక నౌకాదళం పని వస్తుందని. 2013లో నాలుగు పెద్ద ల్యాండింగ్ షిప్పుల టెండరు పిలిచారు, అందులో రెండు వైజాగ్ కి అన్నారు. ఏడేళ్ళు నానబెట్టి 2020లో ఆ టెండరే రద్దు చేశారు. ఆశ చూపించి ఆర్డరు ఇవ్వకపోవడమంటే ఇదీ.

సపోర్ట్ షిప్పులదీ అదే తంతు. 2017 ఏప్రిల్లో దక్షిణ కొరియాతో ఓడల నిర్మాణం మీద ఒప్పందం, మన వైపు నుంచి హిందుస్తాన్ షిప్‌యార్డ్. హ్యుందాయ్ తో కలిసి కడతామన్నారు, తెగలేదు. తర్వాత తుర్కీ కంపెనీతో డిజైన్ అన్నారు. ఆఖరికి ఐదు ఓడలకి సుమారు 19,000 కోట్ల ఒప్పందం మీద సంతకం పడింది 2023 ఆగస్టు 25న. ఒక్కోటీ 44,000 టన్నులు, అంటే దీపక్ కి ఒకటిన్నర రెట్లు. 2024 ఏప్రిల్లో మొదటి ఓడకి స్టీలు కోత, అదే ఏడాది నవంబర్లో వెన్నెముక లాంటి కీల్ వేశారు. ఒప్పందం ప్రకారం మొదటిది 2027 మధ్యలో రావాలి. కొనేవాడు మనసు తేల్చుకోవడానికి ఆరేళ్ళు, కట్టేవాడికి నాలుగేళ్ళు.

నాకిది కొత్తేం కాదు. ఒక పాత ప్రాజెక్టులో కస్టమరు ఏడాదిన్నర కాంట్రాక్టు మీద కూర్చున్నాడు, గో లైవ్ తేదీ మాత్రం మార్చలేదు. మధ్యలో స్క్రీన్లు మూడుసార్లు మార్చాడు. ఆలస్యానికి రివ్యూలో రేటింగు తగ్గింది మాకు. మీలో సగం మందికి ఇలాంటి కథే ఉంటుంది. మన విషయంలో తప్పెవరిదో ఠక్కున చెప్పేస్తాం, వైజాగ్ లో వెల్డరు దగ్గరికొచ్చేసరికి మాత్రం వాడు బద్ధకస్తుడైపోతాడు.

ఇక ప్రైవేటు మంత్రం. 2011లో పిపావవ్ యార్డ్ కి ఐదు గస్తీ నౌకల ఆర్డరిచ్చారు. ఆ యార్డ్ తర్వాత రిలయన్స్ నావల్ అయింది, ఒక్క ఓడా ఇవ్వలేదు, ఆర్డరు రద్దయింది, యార్డ్ దివాలా. ఏబీజీ షిప్‌యార్డ్ సంగతి చెప్పక్కర్లేదు, 2022లో సీబీఐ పెట్టిన కేసులో బ్యాంకుల సొమ్ము 22,842 కోట్లు. మరి ఎల్ అండ్ టీ? కోస్ట్ గార్డుకి 2015లో ఒప్పుకున్న ఏడు ఓడలూ చక్కగా ఇచ్చింది. ఒకే రకం ఓడ, ఏడు వరసగా. ఆ "వరసగా" అన్న మాటని పట్టుకోండి, కిటుకంతా అందులోనే ఉంది. సపోర్ట్ షిప్పుల్లో కూడా రెండిటిని కాట్టుపల్లిలో ఎల్ అండ్ టీ చేత కట్టిస్తున్నారు. మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. ప్రభుత్వమా ప్రైవేటా అన్నది అసలు ప్రశ్నే కాదు.

యార్డ్ కి కూడా చెప్పాల్సింది ఉంది. నిస్తార్ అనే డైవింగ్ సపోర్ట్ ఓడకి 2018లో ఒప్పందం, 2022లో నీళ్ళలోకి దించారు, నౌకాదళంలో చేరింది 2025 జులై 18న. మధ్యలో కరోనా ఉంది, ఒప్పుకుంటా. అయినా ఏడేళ్ళు ఏడేళ్ళే. అంతకు పదింతలు బరువైన కొలువు నెత్తిన పెట్టుకుని ఈ పాత అలవాటే కొనసాగిస్తే, నాలాంటివాడు కూడా కారులో నోరు మూసుకుని కూర్చోవాల్సి వస్తుంది :-)

ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. ఐదు ఓడల పని మొత్తం ఎనిమిదేళ్ళని లెక్క, 168.8 లక్షల పనిదినాలని ప్రభుత్వమే చెప్పింది. ఎనిమిదేళ్ళంటే 2031. కానీ స్టీలు కోసేవాళ్ళూ, హల్ వెల్డింగు వాళ్ళూ అప్పటిదాకా ఆగరు, వాళ్ళ పని ఓడ అప్పగించడానికి రెండు మూడేళ్ళ ముందే అయిపోతుంది. వాళ్ళ చేతుల్లో తర్వాతి ఓడ పడాలంటే ఆర్డరు మీద 2028కల్లా సంతకం పడాలి. మనవాళ్ళ అలవాటు ప్రకారం ఆరేళ్ళు తర్జనభర్జన పడాలంటే ఆ ఫైలు ఈపాటికే సగం నడిచుండాలి. సోమవారం కారులో నేనడగబోయే ప్రశ్న ఇదే. తర్వాతి ఆర్డరు ఏంటి, ఎవరి టేబుల్ మీద ఉంది?